హాలోవీన్ రాత్రి గుమ్మం దగ్గర దయ్యం: పిల్లల్ని సరదాగా భయపెట్టే పద్ధతి

అక్టోబరు 31 సాయంత్రం మా వీధిలో పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వస్తారు. మాది అనంతపురం, సాయినగర్. బెంగళూరులో ఉద్యోగాలు చేసి తిరిగొచ్చిన కుటుంబాలు, అమెరికా నుంచి వీడియో కాల్‌లో తమ వేషాలు చూపించే మనవళ్లు, ఇంగ్లీషు మీడియం స్కూళ్లు, అందరూ కలిసి ఈ సరదాను మా వీధికి తెచ్చారు. ఇది ఐర్లండ్ ప్రాంతంలో పుట్టి, వలస వెళ్లినవాళ్లతో పాటు అమెరికా చేరిన పండుగ. అక్కడ మొదట్లో టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు పెట్టేవాళ్లు, అమెరికాకు పోయాక గుమ్మడికాయ దొరికింది. మా వీధి పిల్లలకు ఆ చరిత్రతో పని లేదు. వాళ్లకు కావలసినవి చాక్లెట్, భయం. చాక్లెట్ ఎవరైనా ఇస్తారు. మంచి భయం ఇవ్వాలంటే ముందుగా కూర్చుని ఆలోచించాలి, సామాన్లు సిద్ధం చేసుకోవాలి.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. వీధిలో పిల్లలందరికీ టీచరవ్వను. "టీచరవ్వ ఇంటికి చివర్లో పోదాంరా" అని వాళ్లు మాట్లాడుకోవడం విన్నాను. ధైర్యం కూడగట్టుకోవడానికి మా ఇంటిని చివరికి ఉంచుకుంటారన్నమాట. అది నాకు చాలా సంతోషం.

భయపడాలని వచ్చే పిల్లలు వేరు, చాక్లెట్ కోసం వచ్చే పిల్లలు వేరు. ఇద్దరినీ ఒకే రకంగా పలకరించకూడదు. అందుకే అన్నిటికంటే ముందు గేటు సంగతి చూడాలి. మా గేటుకు పాత సైకిల్ బెల్లు ఒకటి తీగతో బిగించాను. పక్కన అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెడతాను: "భయం వద్దా? బెల్లు కొట్టండి. కావాలా? లోపలికి వచ్చి మూడు చప్పట్లు కొట్టండి." చదవడం రాని బుడతల కోసం బెల్లు పక్కన నవ్వుముఖం, లోపలికి చూపే బాణం పక్కన కోరల ముఖం గీస్తాను. బెల్లు మోగిందంటే లైట్లన్నీ వేసేస్తాను. గిన్నె పట్టుకుని మామూలు అవ్వలా గేటు దాకా వెళ్లి, వేషం బాగుందని మెచ్చుకుని, చేతిలో పెట్టి పంపిస్తాను. బెల్లు కొట్టినవాళ్లను ఎప్పుడూ ఏడిపించను, పక్కవాళ్లను ఏడిపించనివ్వను. ఆ పిల్లల్లో చాలామంది కాసేపటికి అక్క చెయ్యి పట్టుకుని మళ్లీ వస్తారు. ఈసారి బెల్లు ముట్టుకోరు, గేటు తోసుకుని లోపలికే వస్తారు. భయపడాలా వద్దా అన్నది తన చేతిలోనే ఉందని తెలిసిన పిల్లకు ధైర్యం దానంతట అదే వస్తుంది.

తర్వాత, వాళ్లు ఎక్కడ నిలబడాలో మీరే నిర్ణయించండి. భయపడిన మనిషి మొదట చేసే పని ఒక అడుగు వెనక్కి వేయడం. మన ఇళ్లలో గుమ్మం ముందు మెట్లుంటాయి. తలుపు దగ్గర ఉలిక్కిపడిన పిల్ల వెనక్కి అడుగేస్తే మెట్ల మీంచి పడుతుంది. అందుకే నేను పిల్లల్ని తలుపు దాకా రానివ్వను. మెట్ల కింద వాకిట్లో, వెనక ఖాళీ ఉన్నచోట, ముగ్గుతో పెద్ద వలయం గీస్తాను. చప్పట్లు కొట్టాల్సింది అందులో నిలబడే. వలయం చుట్టూ రాళ్లు, పూలకుండీలు, నీళ్ల పైపు లేకుండా ముందే తీసేయండి. నేల కనిపించేలా సీరియల్ లైట్ల తీగ ఒకటి గోడ అడుగున పరిస్తే చాలు. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు కారిడార్ చదునుగానే ఉంటుంది గానీ, తలుపుకు ఎదురుగా మెట్లు దిగేచోటు ఉంటే ఈ ఆట అక్కడ పెట్టకండి.

ముగ్గు అన్నాను కదా అని అందులో నిమ్మకాయలు, కుంకుమ, వెంట్రుకలు పెట్టాలని ఎవరికైనా అనిపించవచ్చు. వద్దు. నాలుగు దారులు కలిసేచోట అవి కనబడితే మన దగ్గర పెద్దవాళ్లే పక్కకు తప్పుకుని నడుస్తారు. అలాంటి భయం ఇంటికి వెళ్లాక కూడా పోదు, మర్నాడు తల్లులు వచ్చి అడుగుతారు. గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయను కూడా ముట్టుకోకండి. అది ఇంటికి దిష్టి తగలకుండా కట్టుకున్నది, ఆటవస్తువు కాదు. ముఖం చెక్కాలంటే మంచి గుమ్మడికాయ కొనుక్కోండి. పై తోలు గట్టిగా ఉంటుంది కాబట్టి పిల్లలతో కత్తి పట్టించవద్దు. మా ఇంట్లో మొదటి కోత మగవాళ్లే కోయాలన్న ఆచారం ఉంది, కాబట్టి అది మా ఆయన పని. లోపల నూనెదీపం పెట్టకుండా బ్యాటరీ దీపం పెట్టండి. తోడిన గుజ్జు మర్నాడు పులుసులోకి.

ఇక అసలు విషయం. పిల్లలు వలయంలోకి వచ్చి మూడు చప్పట్లు కొట్టారు. మీరు ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. మనసులో నిదానంగా పది లెక్కపెట్టండి. తలుపు వెనక నిలబడి వింటూ ఉంటే ఆ పది అంకెల్లో ఏం జరుగుతుందో తెలుస్తుంది. మొదట నవ్వులు. తర్వాత "లేరేమోరా" అని ఒకడు. "ఉంది, నాకు తెలుసు, లోపల్నే ఉంది" అని ఇంకొకతె. తర్వాత ఎవరూ మాట్లాడరు. ముందున్నవాళ్లు వెనక్కి, వెనకున్నవాళ్లు ఇంకా వెనక్కి జరుగుతారు. మీరు ఇంకా ఏ బొమ్మా చూపించలేదు, ఏ చప్పుడూ చేయలేదు. భయం సగం పుట్టేసింది. కొత్తగా చేసేవాళ్లు ఇక్కడే తొందరపడి తలుపు తీసి "బౌ" అని అరుస్తారు. అరుపుకు ఉలికిపాటు వస్తుంది, ఒక్క క్షణంలో పోతుంది, చిన్నవాళ్లకు ఏడుపు మిగులుతుంది. ఆగడం నేర్చుకుంటే అరవాల్సిన అవసరమే రాదు.

పది అయ్యాక గజ్జెలు. ఒక్కసారే. ఘల్లుమని ఒక అడుగు, మళ్లీ నిశ్శబ్దం. తెలుగు పిల్లలకు ఇంతకంటే చెప్పక్కర్లేదు, మిగతాది వాళ్లే ఊహించుకుంటారు. మంత్రగత్తె నవ్వులు, గబ్బిలాల రెక్కల చప్పుళ్లు ఫోన్‌లో పెట్టి వినిపించేవాళ్లున్నారు. స్పీకర్ శబ్దం స్పీకర్‌దే అని పిల్లలు ఇట్టే పట్టేస్తారు. చేత్తో చేసిన చప్పుడే నమ్ముతారు. అక్టోబరు నెలాఖరుకు మా జిల్లాలో చెనిక్కాయలు ఇళ్లకు చేరుతుంటాయి, పొట్టుకు కొదవుండదు. గుడ్డసంచీ నిండా పొట్టు పోసి రెండు చేతులతో నిదానంగా పిసికితే ఎవరో ఎండుటాకుల మీద అడుగులో అడుగేసుకుంటూ వస్తున్నట్టు వినిపిస్తుంది. పాత డబ్బారేకు ఉంటే ఒక అంచు పట్టుకుని ఊపండి, దూరంగా ఉరుము పుడుతుంది. గజ్జె, పొట్టు, రేకు, ఈ వరసలో చాలు. మూడూ ఒకేసారి మోగించకండి.

తర్వాత నీడ. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే భయం విషయంలో నీడకు సాటి వచ్చే ముసుగు ఏ షాపులోనూ దొరకదు. ఆ విద్య మన పక్కనే ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరున్న ఊరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును పలచగా చేసి, రంగులు వేసి, దీపం వెలుగు దూరేలా చిన్న చిన్న చిల్లులు పెట్టి, కీళ్ల దగ్గర దారంతో ముడివేసి మనిషెత్తు బొమ్మలు చేస్తారు. తెల్లబట్ట తెర వెనక ఒకప్పుడు ఆముదం దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బులు. వాళ్లు బొమ్మను తెరకు ఆనించి ఆడిస్తారు, అప్పుడే రంగులూ గీతలూ స్పష్టంగా కనిపిస్తాయి. దయ్యానికి మనం చేయాల్సింది దీనికి తలకిందులు: బొమ్మను తెర నుంచి దూరంగా, దీపం వైపు జరపాలి.

తలుపు పూర్తిగా తీసి, ద్వారబంధానికి తెల్లపంచె బిగువుగా కట్టండి. ముడతలుంటే నీడ విరుగుతుంది. తెరకు ఆరడుగుల వెనక, స్టూలు మీద, ఫోన్ టార్చి వెలిగించి తెర వైపు తిప్పి పెట్టండి. మామూలు ఎల్ఈడీ బల్బు పనికిరాదు. దాని పాలరంగు బుడ్డి అంతా వెలుగుతుంది కాబట్టి నీడ అంచులు చెదిరిపోతాయి. ఫోన్ టార్చి వెలుగు చిన్న చుక్కలోంచి వస్తుంది కాబట్టి నీడ గోరు అంచు కూడా తేటగా పడుతుంది. గది లైట్లు, వరండా లైటు ఆర్పేయండి. తెరకు పిల్లల వైపు చీకటిగా ఉంటేనే నీడ కనబడుతుంది. ఈ కాలంలో మా ఊళ్లో ఆరు దాటాక కొద్దిసేపటికే చీకటి పడుతుంది, ఆరున్నరకు మొదలుపెట్టవచ్చు.

గట్టి అట్ట మీద జానెడు పొడవున చెయ్యి గీసి కత్తిరించండి. వేళ్లు మామూలు కంటే పొడవుగా, గోళ్లు వంకరగా ఉండాలి. వేళ్లను విడిగా కత్తిరించి, తోలుబొమ్మల్లో చేసినట్టే దారంతో ముడివేస్తే చెయ్యి ఊపినప్పుడు వాటంతటవే కదులుతాయి. పట్టుకోవడానికి రెండు మూడు చీపురుపుల్లలు కలిపి కట్టి అంటించండి.

ఇప్పుడు లెక్క చూడండి. దీపం తెరకు 6 అడుగుల దూరంలో ఉంది. చెయ్యిని తెరకు ఆనిస్తే నీడ కూడా జానెడే. దీపానికి 3 అడుగుల దూరానికి తెస్తే రెండింతలు. 2 అడుగులకు తెస్తే మూడింతలు. 1 అడుగుకు తెస్తే ఆరింతలు, అంటే జానెడు చెయ్యి నీడ నాలుగున్నర అడుగులై తలుపంతా నిండుతుంది. తెర నుంచి మొదటి 3 అడుగులు జరిపినప్పుడు నీడ రెట్టింపు మాత్రమే అయింది. చివరి ఒక్క అడుగులోనే మూడింతల నుంచి ఆరింతలకు పోయింది. మీరు ఒకే వేగంతో, తొందర లేకుండా జరిపినా నీడ మొదట మెల్లగా పెరిగి, చివర్లో ఒక్కసారిగా మీదికి దూకినట్టు కనిపిస్తుంది. ఎవరూ ఎగరలేదు, అరవలేదు. ఆ దూకుడంతా జ్యామితిదే. తరగతిలో సరూప త్రిభుజాలు చెప్పినప్పుడు ఆవలించిన పిల్లలు ఇక్కడ కన్నార్పకుండా చూస్తారు. నాకు ఈ ఆట ఇంత ఇష్టం కావడానికి అదీ ఒక కారణం.

నీడ తలుపంతా నిండగానే టార్చి ఆర్పేయండి. రెండు క్షణాల కటిక చీకటి. వెంటనే వరండా లైటు వేసి, పంచె పక్కకు తీసి, నవ్వుతూ బయటికి రండి. పిల్లల కేక, నవ్వు అప్పుడే కలిసి వస్తాయి. చీకటిని అంతకంటే సాగదీయకండి.

పదేళ్లు దాటినవాళ్లకు నీడ చాలదు. వాళ్లకోసం మా ఆయన దిష్టిబొమ్మ. దీనికి రెండు మూడు రోజుల ముందే పని మొదలుపెట్టాలి. పాత ప్యాంటు, ఫుల్ హ్యాండ్స్ చొక్కాలో వరిగడ్డి కుక్కి, గోనెసంచితో తల చేసి, బొగ్గుతో కళ్లు గీసి, వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడతాం. కాళ్లకు మా ఆయన పాత చెప్పులు. బంతి కోసం గోడ దూకి వచ్చే పిల్లలు మొదటిరోజు దాన్ని అనుమానంగా చూస్తారు. రెండోరోజు చొక్కా లాగుతారు. మూడోరోజు దాని నెత్తిన టోపీ పెట్టి ఫోటో తీసుకుంటారు. అదే మనకు కావాలి. 31 సాయంత్రం చీకటి పడే వేళకు బొమ్మను లోపలికి తీసుకుపోయి, అవే బట్టలు, అవే చెప్పులు, అదే టోపీతో ఆయన ఆ కుర్చీలో కూర్చుంటారు. చేతికి గుడ్డ గ్లవుజులు, చొక్కా అంచుల్లోంచి మెడ దగ్గర, మణికట్టు దగ్గర నాలుగు గడ్డిపోచలు బయటికి. బొమ్మ తల ఏ వైపుకు వాలి ఉండేదో అదే వైపుకు వాలాలి, దీనికోసం ముందే ఫోటో తీసి పెట్టుకుంటాం. గోనెసంచి కొత్తదైనా పాతదైనా ఉతికి బాగా ఎండలో వేయండి, లేకపోతే దుమ్ముకు తుమ్ములొస్తాయి. ముక్కు, నోటి దగ్గర వదులుగా ఉండాలి, మెడ దగ్గర తాడు కట్టవద్దు.

చాక్లెట్ గిన్నె ఆయన పక్కన స్టూలు మీద ఉంటుంది. "బొమ్మ దగ్గర తీసుకోండి, ఒక్కొక్కరికి ఒక్కటే" అని నేను గుమ్మంలోంచి చెబుతాను. పెద్దపిల్లలు మొదటిది తీసుకుంటారు. బొమ్మే కదా అని రెండోదానికి చెయ్యి పోతుంది. అప్పుడు గోనెసంచి తల నిదానంగా, మెడ మాత్రమే తిరుగుతూ, ఆ చెయ్యి వైపు తిరుగుతుంది. ఆగుతుంది. ఆ తర్వాత మెత్తటి గొంతుతో, "ఒక్కటే అన్యారు కదా నాయనా."

అంతే. ఆయన కుర్చీలోంచి లేవరు, చెయ్యి చాపరు. కేక వీధి చివరిదాకా పోతుంది. గొంతు గుర్తుపట్టాక "తాతా! తాతా నువ్వా!" అంటూ వాళ్లే వెనక్కి వచ్చి, ఇంకా రాని స్నేహితులకు చెప్పకూడదని ఒట్లు వేసుకుంటారు. ఆ ఒట్టు ఎవరూ తప్పరు, ఎందుకంటే పక్కవాడు కూడా భయపడటం వాళ్లు చూడాలి కదా.

కొన్ని విషయాల్లో నేను పట్టువిడవను. పిల్లల్ని ముట్టుకోకూడదు, వెంబడించకూడదు, వాళ్లు బయటికి పోయే దారికి అడ్డంగా నిలబడకూడదు. నిజం కత్తి, కొడవలి, మంట ఏవీ వద్దు. కొన్న వేషాలు ఎక్కువగా పాలిస్టర్‌వి, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. కాబట్టి ఆ రోజు వాకిట్లో ప్రమిదలు పెట్టకండి. మా వీధిలో కుక్కలు ఉన్నాయి, పిల్లలు కేకలతో పరుగెడితే అవీ వెంట పరుగెడతాయి. అందుకని గేటు బయట ఎప్పుడూ ఒక పెద్దమనిషి ఉండేలా చూసుకుంటాం. ముందురోజే వీధి వాట్సాప్ గ్రూపులో ఏం చేయబోతున్నామో రాసి, ఆయాసం, మూర్ఛ లాంటి ఇబ్బందులున్న పిల్లలుంటే విడిగా చెప్పమని తల్లిదండ్రుల్ని అడగండి. మూర్ఛ ఉన్న పిల్లలు రావచ్చన్న ఆలోచనతోనే టకటకా వెలిగి ఆరే లైట్లు మేం పూర్తిగా మానేశాం.

ఐదేళ్లలోపు పిల్లలు ఎవరి చంకలోనో ఉండి లోపలికి వచ్చేస్తే ఆట ఆపేయండి. అయినా ఎవరైనా ఏడిస్తే ముందు లైటు, తర్వాత ముసుగు తీయడం, ఆ తర్వాత నేల మీద కూర్చోవడం. నిలబడి బుజ్జగిస్తే ఎత్తుగా కనిపిస్తాం, భయం తగ్గదు. టార్చి ఆ పిల్ల చేతికే ఇవ్వండి. తనే వెలిగించి, తనే ఆర్పి, నీడను రప్పించి పంపించేస్తే నిమిషంలో సర్దుకుంటుంది.

తినడానికి మా ఇంట్లో బెల్లంపాకం చెనిక్కాయ ఉండలు తప్పనిసరి, కానీ వాటికి గిన్నె వేరు. వేరుశనగ పడని పిల్లలు మన దగ్గరా ఉంటారు. డల్లాస్, న్యూజెర్సీ వైపు ఉన్న మనవాళ్లు ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ గుమ్మం ముందు నీలి ఆకుపచ్చ రంగు గుమ్మడికాయ పెడితే తినేవి కాకుండా బొమ్మలు, పెన్సిళ్లు కూడా ఇస్తారని గుర్తు. ఇంకొకటి, అక్కడ వరండా లైటు ఆర్పి ఉంటే రావద్దని అర్థం చేసుకుని పిల్లలు వెళ్లిపోతారు. కాబట్టి వాళ్లు తలుపు దగ్గర లైటు ఉంచి, నీడల ఆట పక్క కిటికీకి మార్చుకోవాలి.

దీపావళి దగ్గర పడే సంవత్సరాల్లో టపాసుల మోతలో గజ్జెలు వినిపించవు, నీడ మీదే ఆధారపడండి. 2024లో రెండూ ఒకే రోజు, అక్టోబరు 31నే వచ్చాయి. ఆ రోజు గుమ్మం లక్ష్మీదేవిది, దయ్యాన్ని నవంబరు 1 సాయంత్రానికి జరిపాం. పిల్లలెవరూ అభ్యంతరం చెప్పలేదు, చాక్లెట్లు రెండు రోజులు వచ్చాయి.

వేషాలన్నీ వెళ్లిపోయాక, భయపడ్డవాళ్లను మళ్లీ పిలిచి తెర వెనక్కి తీసుకెళ్లండి. అట్టచెయ్యి వాళ్ల చేతికిచ్చి, ఒకరు ఆడిస్తుంటే మిగతావాళ్లు వలయంలో నిలబడి చూడాలి. తన చేతిలో ఉన్న జానెడు అట్టే ఇందాక తలుపంత అయిందని తెలిసినప్పుడు పుట్టే ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పండి. స్కేలు ఇచ్చి కొలవనివ్వండి. వచ్చే ఏడు ఏ నీడ వేయాలో అప్పుడే వాళ్లు నిర్ణయించేస్తారు. మొన్నటి ఏడు కొరివిదయ్యం కావాలన్నారు. చేతిలో మంట ఎలా చూపించాలన్నదానికి వెలుగు దూరే ఎర్ర సెల్లోఫేన్ కాగితం అంటించాలని ఏడో తరగతి పిల్ల ఒకతె చెప్పింది, బాగా కుదిరింది.

దిష్టిబొమ్మను మాత్రం ఆ రాత్రే విప్పేయండి. గడ్డి పశువులున్న ఇంటికి ఇచ్చేయవచ్చు, గోనెసంచి మడిచి దాచుకోవచ్చు. తెల్లవారుజామున చీకట్లో పాలు పోయడానికి వచ్చే అతనికి మీ గ్రూపులో మెసేజ్ వెళ్లి ఉండదు.